పోయినేడు ధర

తాండూరు మార్కెట్ గంజ్‌లో మాది అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన కందులు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం మా నాన్న పని. పోయినేడు దేనికి ధర వచ్చిందో అందరూ ఈ ఏడు అదే వేస్తారని, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుందని ఆయన గద్దె మీద కూర్చుని నవ్వేవాడు. "దిమాగ్ లేనోళ్లు" అనేవాడు. పెద్దేముల్ నుంచి ఆటోల్లో వచ్చిన రైతులు ఆ మాట వింటూనే మా దుకాణంలో చాయ్ తాగేవాళ్లు.

పదో తరగతి అయ్యాక బైపీసీ తీసుకుని, ఆపైన వ్యవసాయ డిగ్రీ చదవాలని నా కోరిక. నిలువునా ఎండిపోయిన కంది మొక్కలు పట్టుకొచ్చి, ఎందుకిట్లయిందని రైతులు నాన్నను అడిగేవాళ్లు. ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు, విత్తనం మంచిది కాదనేవాడు. ఎందుకో నాకు తెలియాలి, అంతే. ఆ వ్యవసాయ కాలేజీకి ఏ బస్సెక్కి పోవాలో కూడా కనుక్కుని పెట్టుకున్నాను.

అప్పుడు వికారాబాద్ నుంచి మేనమామ దిగాడు. తాను ఇంటర్ గట్టెక్కలేదు గానీ, మా ఇంట్లో అందరి చదువులకూ ఆయనే పెద్ద.

"పోయినేడు గంజ్‌ల ఎవరి పిల్లలకు నౌకర్లొచ్చినయ్? కంప్యూటరోళ్లకే గదా," అన్నాడు.

"కందులు అమ్మెటోళ్లం, మల్ల కందుల మీద చదువుడేంది బిడ్డా? నవ్వుతరు," అన్నాడు నాన్న.

"పోయినేడు ధర జూసి ఏసెటోళ్లను జూసి నువ్వే నవ్వుతవ్ గదా నాన్నా," అన్నాను.

ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. ఆడపిల్ల సరైన మాట అంటే మా ఇంట్లో అదే జవాబు. నన్ను ఎంపీసీలో చేర్చారు.

ఆ తర్వాత చేరిన వికారాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పేవాళ్లకు రాదు, వినేవాళ్లకు అక్కర్లేదు. గంజ్ పిల్లలమంతా అక్కడే, అంతా కంప్యూటర్లే. అందరం ఒక్కసారే బయటికొచ్చాం, అడిగేవాడు లేడు. ఇప్పుడు నాన్న దుకాణంలోనే కంప్యూటర్ మీద బిల్లులు కొడుతున్నాను.

మొన్న పక్క దుకాణం ఆయన తన కొడుకు చదువు గురించి అడగడానికి వచ్చాడు. నాన్న గద్దె మీద సర్దుకుని కూర్చున్నాడు.

"కంప్యూటర్ల ఏముందన్నా? పోయినేడు అగ్రికల్చరోళ్లకే నౌకర్లొచ్చినయ్. బైపీసీల ఎయ్యి."

బిల్లు కొట్టడం ఆపాను. ఒక్కసారైనా నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూశాడు.

"బిడ్డా, గా అగ్రికల్చర్ కాలేజీ యాడుందో జర జెప్పు."

ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పాను. ఇవన్నీ నాకెట్లా తెలుసని ఆయన అడగలేదు.