కాఫీ జగ్గు మూతి పెచ్చు

సిరిసిల్లలో మా మామగారికి మరమగ్గాల షెడ్డు ఉంది. ఓ ఎండాకాలం మధ్యాహ్నం ఆయన వడలిపోయి ఇంటికొస్తే, ఫోన్లో చూసి నేర్చుకున్న ఇటలీ చల్లకాఫీ చేసిచ్చాను. గాజు జగ్గులో ఐసుముక్కల మీద వేడి డికాక్షన్ పోసి, బాదం ఎసెన్సు కలిపి గ్లాసులోకి వంచాను. పైన వెనీలా ఐస్‌క్రీమ్, వేయించిన బాదం పలుకులు వేశాను.

ఆయన తాగుతుంటే జగ్గు కడగబోయి ఆగిపోయాను. మూతి దగ్గర గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది. ముందు గదిలోంచి కరకర నమలడం వినిపించింది.

“మామా, మింగకుండ్రి! ఉమ్మేయుండ్రి!” అని అరుస్తూ పరిగెత్తాను.

ఆయన బిత్తరపోయి అరచేతిలోకి ఉమ్మారు. “ఏమైంది బిడ్డా? బాదం పలుకులే గదా!”

నిజంగా పలుకులే. మరి అంతకుముందు మింగిందేమిటి?

“జగ్గు పలిగింది మామా. గొంతుల ఏమన్న గుచ్చుకుంటున్నదా?” అని అడిగాను. ఆయన గొంతు మీద చెయ్యి వేసుకున్నారు.

వంటింట్లోకి వెళ్లి, జగ్గులో మిగిలిన ఐసును పళ్లెంలో పోసి, వేళ్లతో తడుముతూ కూర్చున్నాను. ముక్కలన్నీ కరిగిపోయాయి. ఒకటి మాత్రం కరగలేదు. జగ్గు మూతికి ఆనిస్తే సరిగ్గా అతికింది. అప్పుడు ఏడుపొచ్చింది.

“ఏడువకు బిడ్డా, నాకేం గాలే,” అన్నారాయన వంటింట్లోకి వచ్చి. చెయ్యి మాత్రం చాలాసేపు గొంతు మీద నుంచి తీయలేదు.