ఉమ్మడి ఫైలులో నేను తీసేసిన లైను

మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ ఒక కథ చెబుతారు. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో లారీల కాటా తప్పు తూకం చూపించిందని, గురజాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి అజాగ్రత్తగా రాసిన కోడ్ వల్ల అలా జరిగిందని. ఆ కథలో నేను కూడా ఉన్నాను. చివర్లో వచ్చి అంతా సరిచేసినవాణ్ని నేనే. ఇన్నాళ్లూ దాన్ని ఖండించలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కంపెనీ హైదరాబాదులో ఉంది. ఆమే నేనూ మాత్రం నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు పైన అద్దె గదిలో కూర్చుని పనిచేసేవాళ్లం. మేనేజరు మాకు ఫోన్లో గొంతు మాత్రమే. కాటాలకు పెట్టే చిన్న కంప్యూటరు మా సరుకు. కాటా మీద పడిన బరువును అంకెగా మార్చే చిప్ ఒకటి అందులో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున ఉండే కెర్నల్ ఆ చిప్‌తో మాట్లాడాలంటే మధ్యలో కొంత కోడ్ కావాలి. దాన్నే మా వాళ్లు డ్రైవర్ అంటారు.

పాత కాటాల్లో ఒక చిప్ ఉండేది. దాని డ్రైవర్ ఆమె రాసింది. కొత్త కాటాల్లోకి అదే జాతి చిప్ ఇంకొకటి వచ్చింది. దానికోసం నేను ఆమె ఫైలునే కాపీ చేసి, అక్కడక్కడ మార్చి, నా పేరు పెట్టుకున్నాను. మా పనిలో అందరూ చేసేదే, అందరూ తిట్టుకునేదే. ఒక ఫైలులో లోపం దిద్దితే రెండోదాంట్లో అలాగే ఉండిపోతుంది. చివరికి మేనేజరు రెండింటినీ కలపమన్నాడు. రెండు చిప్‌లకూ పనికొచ్చే కోడంతా ఒక ఉమ్మడి ఫైలులోకి రావాలి. ఏ చిప్‌కు ప్రత్యేకమైనది దాని ఫైలులోనే మిగలాలి.

ఇలా కోడ్ తరలించేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. కదిపేటప్పుడు అక్షరం కూడా మార్చకూడదు. ఉన్నదున్నట్టు కొత్త చోటికి చేర్చి, "పనితీరులో మార్పు లేదు" అని పైన రాసి పంపాలి. మార్చాల్సింది ఏదైనా ఉంటే ఆ తర్వాత, విడిగా. రెండూ కలిపేస్తే అంత కోడ్ ఒకచోట పోయి ఇంకోచోట వచ్చే సందడిలో అసలు మార్పు ఎవరి కంటికీ ఆనదు. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది నేనే. ఒకసారి ఆమె కోడ్ కదుపుతూ ఒక పేరు కూడా మార్చింది.

"ఏందమ్మాయ్, ఇల్లు మారే రోజే గోడలకి సున్నం కూడా కొడతావా?" అన్నాను. వారం పాటు ఆ మాటే పట్టుకుని ఏడిపించాను.

రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, తూకం తీసుకునే చోట ఒక తేడా కనిపించింది. ఆమె కోడ్ చిప్‌ను రెండుసార్లు చదువుతుంది. మొదటి అంకె పారేసి రెండోది తీసుకుంటుంది. నేను కాపీ చేసినప్పుడు ఆ లైను తీసేసినా కొత్త చిప్ బాగానే పనిచేసింది. అంచేత నాదే శుభ్రమైన కోడ్ అనుకున్నాను. ఉమ్మడి ఫైలులో నాది పెట్టాను, ఆమె లైను తీసేశాను. పైన మాత్రం "పనితీరులో మార్పు లేదు" అనే రాశాను.

ఆమె చూసింది. కుర్చీ ఇటు తిప్పి అడిగింది.

"అన్నా, నా దాంట్లో రెండుసార్లు చదివేది ఏమైంది?"

"రెండుసార్లు ఎందుకు? దానికేమన్నా చెవుడా?"

"అప్పట్లో ఏదో తేడా వస్తుంటే పెట్టా. ఏందో సరిగ్గా గుర్తు రావట్లేదు. ఉంచుదాం అన్నా."

"గుర్తులేకుండా ఉంచితే దాన్ని కోడ్ అనరు, మొక్కుబడి అంటారు. పక్కన ఎందుకో రాసుకోవద్దా?"

ఆమె నవ్వింది. "సరే, అట్టాగే కానీ. పెద్దోడివి, నీ మాట కాదంటానా" అని ఒప్పుకుంది. పాత చిప్ ఉన్న బోర్డు మా గది బీరువాలోనే ఉంది. తీసి ఒకసారి పెట్టి చూడటానికి నాకు బద్ధకమేసింది.

ఉమ్మడి ఫైలు పాత కాటాల్లోకి కూడా వెళ్లింది. కొన్నాళ్లకు, పాత చిప్ కాటా ఉన్న ఆ దాచేపల్లి క్వారీ నుంచి గొడవ మొదలైంది. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. మేం వెళ్లేసరికి కాటా దగ్గర ఒక లారీ డ్రైవరూ, కాటా గుమాస్తా అరుచుకుంటున్నారు. ఇక్కడ తూచిన బరువుకూ ఫ్యాక్టరీలో తూచిన బరువుకూ పొంతన లేదట. దార్లో రాయి దించుకున్నాడని డ్రైవరు మీద నింద.

"రాయి దించుకుని ఏం చేసుకుంటా బాబాయ్, కూరొండుకుంటానా?"

"ఏమోరా, మీ ఊళ్లో గోడ లేపుతున్నావంటగా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. అతని బండి అప్పటికే పక్కన నిలిపేశారు.

మేం అక్కడే కూర్చుని వచ్చే బండ్లన్నీ చూశాం. ఆమే పసిగట్టింది. "అన్నా, అన్నాలప్పుడు కాటా ఖాళీగా ఉంటుంది చూడు, ఆ తర్వాత ఎక్కే మొదటి బండికే తప్పు వస్తుంది. పొద్దున ఆఖరి బండి బరువే మళ్లీ చూపిస్తుంది."

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. కాటా ఖాళీగా ఉంటే చిప్ నిద్రపోతుంది. పాత చిప్ నిద్రలేచి మొదట చెప్పేది తన దగ్గర మిగిలిన పాత అంకె. రెండోసారి అడిగితేనే అసలు బరువు చెబుతుంది. ఆమె రెండుసార్లు చదివింది ఇందుకే. నేను తీసేసింది దాన్నే.

"ముందు వైర్లు చూద్దాం" అన్నాను.

ఆమె కాటా పక్కన తెల్లటి దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వైరూ పట్టి చూసింది. వైర్లలో ఏమీ లేదని తెలిసి కూడా చూడనిచ్చాను.

మేనేజరు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. అతను ఉమ్మడి ఫైలు తెరిచి చూస్తున్నాడు. మొదట రాసినవాళ్ల పేరే ఫైలు పైన ఉంటుంది కాబట్టి అక్కడ ఆమె పేరుంది.

"ఈ ఫైలు ఎవరిదమ్మా, నీదేనా?"

"నాదే సార్" అని ఆమె నా వైపు చూసింది. తర్వాతి మాట నేను చెప్పాలి. నేను కాటా ఎక్కుతున్న లారీని చూస్తూ నిలబడ్డాను.

ఆ వారంలోనే ఆ లైను తిరిగి పెట్టేశాను. "చిన్న దిద్దుబాటు" అని రాసి పంపాను. ఆమె పొరపాటును నేను పట్టుకున్నానని మేనేజరు మెచ్చుకున్నాడు. లారీ డ్రైవరు మీది నింద పోయింది, ఆమె మీద పడింది. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. సామాను సర్దుకుంటూ నన్ను అడిగింది ఒక్కటే.

"ఎందుకు రెండుసార్లు చదవాలో ఈసారి పక్కన రాశావా అన్నా?"

"రాశాను."

"మంచిది" అని సంచీ తీసుకుని మెట్లు దిగింది.

ఇలాంటి పని చేసే కంపెనీలు కొన్నే. ఒకరి సంగతి ఇంకొకరికి చేరుతుంది. ఆమె వెళ్లిన చోటల్లా ముందే ఆ కథ తెలిసినవాళ్లు ఎదురయ్యారని తర్వాత విన్నాను. ఇప్పుడు గురజాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. నేనేమో ఆ విభాగానికంతా పెద్దనయ్యాను.

ఈ మధ్య ఒక మీటింగులో మళ్లీ ఆ కథ వచ్చింది. "అప్పుడు సార్ లేకపోతే కస్టమర్ పోయేవాడు" అన్నారెవరో. అది అయ్యాక మేనేజరుకు నిజం చెప్పాను. "ఇప్పుడెందుకండీ అవన్నీ? కస్టమర్ చెవిన పడితే మళ్లీ తలనొప్పి. వదిలేయండి" అన్నాడు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. కాదని తెలిసే చెప్పానేమో కూడా.

ఆమెకు ఫోన్ చేశాను. నేను నసుగుతుంటే మధ్యలోనే ఆపింది.

"నాకు ఆ రోజే తెలుసన్నా. ఏ లైను ఎవరు తీశారో చూస్తే కనపడదా? నువ్వే చెప్తావని చూశా."

"నువ్వు చెప్పొచ్చుగా మరి?"

"సరేనని ఒప్పుకుంది నేనేగా. నేను చెబితే తప్పించుకుంటుందనేవాళ్లు. నువ్వు చెబితే వినేవాళ్లు."

మళ్లీ ఈ పనిలోకి వస్తావా, నేను మాట్లాడతానన్నాను. "రాను. నీ కింద అసలు రాను" అంది. "నాకు చెప్పి ఏం లాభం? ఆ కథ విన్నోళ్లు చానామంది ఉన్నారు, వాళ్లకి చెప్పు. క్లాసుంది, పెట్టేస్తున్నా."

మీటింగులో చెబితే ఆ గదిలోనే ఆగిపోతుంది. అందుకే ఇక్కడ రాశాను. ఆ కథ మీరు విని ఉంటే, ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆమెను తీసేసి అక్కడ నన్ను పెట్టి చెప్పండి. నమ్మనివాళ్లు ఉంటే నా దగ్గరికి పంపండి.