ఇప్పచెట్టు మీద నాన్న

ఆ రోజుల్లో ఫోన్ ఎత్తగానే జనం బాగోగులు అడగడం మానేసి, "ఏడున్నవ్" అని అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో బల్ల మీద ల్యాండ్‌లైన్ ఉన్నన్నాళ్లు ఆ ప్రశ్నకు పనే లేదు, ఫోన్ ఉన్నచోటే మనిషి ఉండేవాడు కనుక. ఫోన్ జేబులోకి ఎక్కాక మనుషులకు ఎంత స్వేచ్ఛ వచ్చిందో అంత అబద్ధమూ వచ్చింది. ఇంకా స్నానమైనా చేయనివాళ్లు "దార్లనే ఉన్న" అనేవాళ్లు. ఈ లోకాన్ని సరిచేసే బాధ్యత నా మీదే పడిందని గట్టిగా నమ్మిన వయసు నాది. ఖమ్మంలో ఎంసీఏ పూర్తిచేసి, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్పుడే చేరాను. (కంపెనీ అని మేమే అనుకునేవాళ్లం, కింద షాపువాళ్లు మాత్రం కంప్యూటర్ నేర్పే చోటనే చెప్పి జనాన్ని పైకి పంపేవాళ్లు.) మా యజమాని ఒకరోజు కుర్చీ వెనక్కి వాల్చి, "ఇకమీదట ఫోన్‌కు తానెక్కడుందో తనకే తెలుస్తుంది, అది ముందు చేసినోడిదే రాజ్యం" అన్నాడు. ఆ రాజ్యానికి మొదటి పౌరుడిగా నేను మా నాన్నను ఎంచుకున్నాను.

నాన్నది మలేరియా విభాగంలో ఉద్యోగం. మా ఇల్లు బోనకల్‌లో, ఆయన పని చర్ల అవతలి అడవి పల్లెల్లో. జ్వరం వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి, ఒక చుక్క రక్తం గాజుపలక మీద పట్టి పరీక్షకు పంపడం, మాత్రలు మింగేదాకా ఎదురుగా కూర్చోవడం. అందుకే అక్కడ ఆయన పేరు సూది సార్. పిల్లలు ఆయన్ని చూసి పరుగెత్తేవాళ్లట, పెద్దవాళ్లు చాప వేసేవాళ్లట. వెళ్తే రెండు వారాలు, వస్తే నాలుగు రోజులు. ఆయన లేని రోజుల్లో మా నానమ్మకు ఒకటే ధ్యాస. పొద్దున లేచి బైబిలు కళ్లకు అద్దుకుని, ప్రార్థన ముగించి, ఆమెన్ అన్న ఊపిరితోనే "నా కొడుకు ఏడున్నడో" అనేది. ఆ ప్రశ్న మా ఇంట్లో అంత పాతది.

నేను చేసిన పని వింటే ఇప్పటి పిల్లలు జాలిపడతారు. ఉపగ్రహాలను అడిగి చోటు చెప్పే ఫోన్లు అప్పటికే ఉన్నా, అవి మా జీతాలకు అందేవి కావు. కాబట్టి టవర్లను నమ్ముకున్నాను. ఫోన్ ఎప్పుడూ ఏదో ఒక టవర్‌ని పట్టుకుని ఉంటుంది, ప్రతి టవర్‌కీ ఒక నంబరుంటుంది. నాన్న కోసం ఖమ్మంలో పాత సామాన్ల దుకాణంలో కాస్త తెలివైన ఫోనొకటి వెతికి, అందులో నా ప్రోగ్రాం పెట్టాను. అది గంటకోసారి ఆ నంబరును నాకు మెసేజ్ పంపేది. నా ఫోన్ ఆ నంబరుకు ఊరి పేరు తగిలించి చూపించేది. ఏ నంబరు ఏ ఊరిదో ఎవరూ చెప్పరు కనుక, సెలవు పెట్టి ఖమ్మం నుంచి చర్ల దాకా బస్సులో కూర్చుని, నంబరు మారినప్పుడల్లా కండక్టర్‌ని ఊరి పేరడిగాను. పాల్వంచ దాటేసరికి ఆయన ఓపిక అయిపోయింది. "ఏందమ్మా, దిగుతవా, ఊర్లు కొంటవా?" అన్నాడు. చర్లలో చివరి టవర్ తర్వాత బస్సూ లేదు, అడగడానికి కండక్టరూ లేడు. అందుకని అడవి వైపు ఇంకో నంబరు ఏది కనబడినా దానికి 'చర్ల అవతల' అని పేరు పెట్టేశాను. (చర్ల అవతల అంటే ఎంత అవతల అని మా అమ్మ అడిగింది. ఛత్తీస్‌గఢ్ వచ్చేదాకా అని చెప్పాను. "మంచిగ దొరికినట్టే" అంది అమ్మ.)

మొదటి వారమే గోదావరి నా పరువు తీసింది. పర్ణశాల రేవులో నాన్న టీ తాగుతుంటే ఆయన ఫోన్ ఒకసారి ఈ ఒడ్డు టవర్‌ని, ఇంకోసారి ఆ ఒడ్డు టవర్‌ని పట్టుకునేది. నా తెర మీద ఆయన పొద్దంతా నదిని ఇటూ అటూ దాటుతూనే ఉన్నాడు. పడవల్లేని వేళ కూడా దాటాడు. నానమ్మ ఇది విని చాలాసేపు ఆలోచించి, "నీళ్ల మీద నడిచినోడు ప్రభువొక్కడే అనుకున్న పిల్లా" అంది. నవ్వుతోందో భక్తితో అంటోందో తెలియలేదు. అమ్మ మాత్రం, "ఫోన్ చేసి అడిగితే తీరేదానికి ఇంత చదువెందుకే" అనేది. ఇన్ని లోపాలున్నా నానమ్మ ఆ ప్రోగ్రాం పక్షమే. నేను ఆఫీసు నుంచి రైలు దిగి ఇంటికి రాగానే మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమంటున్నడు" అని అడిగేది. మెసేజ్ అంటే నాన్నే మాట్లాడుతున్నట్టు ఆమెకు. దుమ్ముగూడెం అని చదివితే "సరే" అనేది. చర్ల అవతల అని చదివితే చేత్తో దిండు సర్దుకుని "సరే, పని చేసుకోని" అనేది. చర్చిలో పక్క కూర్చున్నవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పుకుంది. "నా మనవరాలు ఫోన్ల నా కొడుకును చూపిస్తది" అని.

ఆ ఎండాకాలంలో నానమ్మ పడిపోయింది. ఖమ్మం దవాఖానాలో ఉంచి, చివరికి డాక్టరు అమ్మను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూసుకోండని చెప్పాడు. ఆ మాటకు అర్థం అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున ఆమె కళ్లు తెరిచి, కొడుకు రావాలంది. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు. ఆమె దగ్గర ఎంత సమయముందో ఎవరికీ తెలియదు, నాన్నకేమో ఆమె పడిపోయిన సంగతే తెలియదు. దవాఖానాలో ఉన్నప్పటి నుంచీ అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. నా తెర మీద మాత్రం ఆయన కదలకుండా చర్ల అవతలే ఉన్నాడు.

నేను చేసిన ఎన్నో ఫోన్‌కో అవతల ఒక ఆడమనిషి గొంతు పలికింది. కోయ పల్లెల మనిషని మాట తీరులో తెలిసింది.

"సూది సార్ ఫోనే. సార్ లేడు."

"మీరెవరండీ?" అన్నాను.

"ఈ దారిన పొయ్యేటోళ్లం."

"ఆ ఫోన్ మీ దగ్గరికెట్లా వచ్చింది?"

"మా దగ్గర లేదు. చెట్టుకున్నది." ఆమె నిదానంగా విప్పి చెప్పింది. "ఇప్పచెట్టుకు. అందరియి ఈడనే కడతరు. ఈడ తప్ప ఏడ వినబడది. మోగితే పొయ్యేటోళ్లు ఎత్తుతరు, ఊర్లకు పోయి చెప్తరు."

గుట్ట మలుపులో ఒక ఇప్పచెట్టు, దాని కొమ్మలకు మందుల కవర్లలో, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుపక్కల పల్లెలన్నిటి ఫోన్లు. వాటి మధ్య నా ప్రోగ్రాం. నాన్న లోపలి ఊళ్లకు వెళ్లేటప్పుడు ఆ కొమ్మకు ఫోన్ తగిలించి, తిరిగొచ్చేటప్పుడు తీసుకునేవాడట. అంటే ఇన్ని నెలలు నేను నానమ్మకు చదివి వినిపించిన 'చర్ల అవతల' నాన్న కాదు, ఆ చెట్టు. నేను ఎంతో కష్టపడి ఒక చెట్టు ఎక్కడుందో గంటగంటకూ తెలుసుకుంటున్నాను. అది ఎటూ పోలేదు.

"సార్‌కు చెప్పమ్మా, వాళ్లమ్మకు బాగలేదు, జల్దీ రమ్మని" అన్నాను.

"కన్నతల్లా?"

"అవ్."

"చెప్తం" అని పెట్టేసింది. ఎవరికి చెప్తుందో, ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో, ఎప్పటికి అందుతుందో అడిగే లోపలే లైన్ పోయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆమె పశువుల వెంట పోయిందేమో, పోయిన ఊళ్లో నాన్న ఉన్నాడో లేడో. నాకు ఏడుపొచ్చింది. లోపలి నుంచి నానమ్మ పిలిచింది.

"ఏమంటున్నడు?"

తెర చూశాను. చర్ల అవతల. "బయల్దేరిండు నానమ్మా" అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

ఒకసారి బయల్దేరిన మనిషిని దారిలో నిలబెట్టలేం కదా. కాసేపటికి ఆమె మళ్లీ అడిగింది, నాన్నను దుమ్ముగూడెం దాకా తెచ్చాను. భద్రాచలం వచ్చాడనగానే నానమ్మ నోరు తెరిచి మూడు చెంచాల గంజి తాగింది. రెండు రోజులుగా ఏమీ ముట్టని మనిషి. అమ్మ చెంచా పట్టుకునే నావైపు చూసింది. వంటింట్లోకి లాక్కుపోయి, "నిజంగనే వచ్చిండా?" అంది. కాదని తలూపాను. కొడుతుందనుకున్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మెల్లగ తీసుకరా మరి. గట్ల ఉరికించకు" అంది.

ఆ పూటంతా నేను ఒక బస్సును నడిపాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు. బూర్గంపాడు దగ్గర కాసేపు ఆపాను. పాల్వంచలో టైరు పంక్చర్ చేశాను. కొత్తగూడెంలో బస్సు మార్పించి, మారిన బస్సు నిండేదాకా కదలనివ్వలేదు. నానమ్మ కళ్లు మూసుకుని వింటూ, "తిన్నడా" అంది. కొత్తగూడెంలో తిన్నాడని అమ్మ నా కంటే ముందే చెప్పింది. జూలూరుపాడు దాటాక నాకు భయం పట్టుకుంది. ఇక ఖమ్మమే. ఖమ్మంలో రైలెక్కితే బోనకల్‌కు ఎంతో దూరం లేదు, మధ్యలో ఎన్ని స్టేషన్లున్నాయో నానమ్మకు నాకంటే బాగా తెలుసు. నా దగ్గర దారి అయిపోతోంది. దారి అయిపోయాక మనిషి రాకపోతే ఆమె మొహం ఎలా చూడాలో నాకు తెలియలేదు. ఎండ చల్లబడే వేళకు "ఖమ్మం స్టేషన్ల ఉన్నడు, బండి లేటు" అని చెప్పి, అరుగు మీదికొచ్చి నిలబడ్డాను. లేటైన బండిని ఎంతసేపు లేటు చేయగలనో లెక్కేసుకుంటున్నాను.

స్టేషన్ వైపు నుంచి ఒక మనిషి నడిచొస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము, భుజాన గాజుపలకల పెట్టె. నేను చూసింది నమ్మలేక (ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది) ముందు ఫోన్ చూశాను. అది చర్ల అవతల అంటోంది. మళ్లీ తలెత్తాను. నాన్న గేటు తీస్తున్నాడు.

ఆ పొయ్యేటావిడ ఇంకో పొయ్యేటాయనకు చెప్పిందట, ఆయన కట్టెల కోసం పోయేవాళ్లకు చెప్పాడట. మధ్యాహ్నం కాకముందే మాట నాన్న కూర్చున్న చాప దగ్గరికి చేరింది. ఆ ఊరి నుంచి రోడ్డుకు దగ్గరి దారి వేరే ఉంది, ఇప్పచెట్టు ఆ వైపు కాదు. నాన్న ఫోన్ కోసం ఆగలేదు. కలప లారీ ఒకటి, జీపు ఒకటి, ఖమ్మంలో కదులుతున్న రైలు.

ఆయన పెట్టె కూడా దించకుండా లోపలికెళ్లి మంచం దగ్గర కూర్చున్నాడు. నానమ్మ ఆయన మొహమంతా తడిమింది. ఆమె వేళ్లకు ఎర్రదుమ్ము అంటింది. "అమ్మా" అన్నాడు నాన్న.

"పాల్వంచల బండి పంక్చరైందట కదా నాయనా, ఎండల నిలబడ్డవా?" అంది నానమ్మ.

మా నాన్న అబద్ధం ఆడడు. ఆయన ముందు మేమూ ఆడేవాళ్లం కాదు. ఆయన తలెత్తి నన్ను చూశాడు, నా చేతిలోని ఫోన్‌ను చూశాడు, చెంచా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అమ్మను చూశాడు.

"అయిందమ్మా. చెట్టు కింద నిలబడ్డ. ఎండ తగల్లేదు" అన్నాడు.

"కొత్తగూడెంల తిన్నవా?"

"తిన్నమ్మా." పొద్దుటి నుంచి ఆయన మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని తర్వాత తెలిసింది.

నానమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. మర్నాడు ఉదయం నాన్న కీర్తన పాడుతుంటే పోయింది. ఆ మరుసటి రోజు మట్టి చేశాం. పాస్టరు గారు వాక్యం చదివారు, నాన్న వంగి పిడికెడు మన్ను వేశాడు. అప్పుడు నా చేతిసంచిలో ఫోన్ గుర్రుమంది. ఎవరూ చూడకుండా తీసి చదివాను. 'నాన్న: చర్ల అవతల.' ఆయన నా పక్కనే ఉన్నాడు, ఆయన భుజం నా భుజానికి తగులుతోంది, ఏడుస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి ఎలాంటి చప్పుడు వచ్చిందో గానీ, చర్చి పెద్దమ్మ ఒకామె నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ సాయంత్రానికి చెట్టు మీద బ్యాటరీ అయిపోయి, మెసేజ్‌లు ఆగిపోయాయి. వారం తర్వాత ఎవరో ఫోన్‌ను అదే కవర్లో పెట్టి చర్ల బస్సు డ్రైవర్‌కిచ్చి పంపారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో నా ఉద్యోగం ఇదే. మనుషులు, బండ్లు, పార్సిళ్లు ఎక్కడున్నాయో ఫోన్లకు చెప్పడం. ఎదుటి బల్లల దగ్గర కుర్రవాళ్లు నాలుగు అడుగుల తేడా వచ్చిందని దిగులుపడుతుంటారు. వాళ్లనేమీ అనను, కాఫీకి లేచి కిటికీ దగ్గరికెళ్తాను. అక్కడ నిలబడితే అరుగు మీద ఫోన్ పట్టుకుని, దారి అయిపోయిందని వణుకుతున్న ఆ పిల్ల కనిపిస్తుంది. ఆమెను చూస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెంటే ఒక తెలివితక్కువ ఆలోచన కూడా వస్తుంది. నానమ్మ ప్రాణం పట్టుకుని ఉన్నది కొడుకు వచ్చేదాకానే కదా, ఆ బస్సును ఇంకొంచెం మెల్లగా నడిపి ఉంటే ఆమె ఇంకొక్క పూట మా దగ్గర ఉండేదేమో అని.