ఉపన్యాసానికి ఊ కొట్టిన జేజినాయన

ఈ రోజు సాయంత్రం కర్నూల్లో ప్రపంచంలోని కరువుల మీద ఉచిత ఉపన్యాసముంటే పోయినా. చెప్పే అమ్మాయి బాగా చెప్తాండాది, వినేటోళ్లేమో ఫోన్లు చూసుకుంటాండారు. నాకు పంతొమ్మిది వందల యాభైల్లో ఇదే ఊళ్లో కాలేజీలో చదివిన రోజులు గుర్తుకొచ్చినాయి.

అప్పుడొకసారి నన్ను చూసేకి పత్తికొండ నుంచి వచ్చిన మా జేజినాయన, అదే మా తాత, నాతోపాటు అణుబాంబు మీద ఉపన్యాసానికి కూర్చున్నాడు. కథ వింటాన్నట్టు మాటమాటకూ గట్టిగా "ఊ" కొట్టబట్టినాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉపన్యాసకుడు ఆగి, "ఏం పెద్దాయనా?" అన్నాడు.

"నువ్వు చెప్పప్పా. ఊ కొట్టకుంటే మేం వింటాండామని నీకెట్ల తెలుస్తాది?" అన్నాడు జేజినాయన.

ఈ రోజు నాకు తెలీకుండానే నా నోట్లోంచి "ఊ" వచ్చేసింది. ఆ అమ్మాయి తలెత్తి చూసి, మిగిలిందంతా నాకే చెప్పింది.

చదివినోళ్లు ఒక ఊ కొట్టి పోండప్పా.