వదిన చెవులకు అందినంత

ఆ నాటక సమాజంలో అందరికీ ఆవిడ వదినే. నిజానికి సమాజం నడిపే ఆయనకు ఒక్కడికే ఆవిడ వదిన, అన్న భార్య కాబట్టి. కానీ మేకప్ వేసే ముసలాయన దగ్గర్నుంచి తెర లాగే మనిషి దాకా అందరూ అదే పిలుపు అందుకున్నారు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అంటుంటే మొదట్లో ఒంటికాలి మీద లేచేది. తర్వాత పోనీలెమ్మని ఊరుకుంది. జీవితం మొత్తంలో ఆవిడ ఊరుకున్న విషయం ఏదైనా ఉందంటే అదొక్కటేనేమో!

పెళ్ళయిన కొత్తలో సమాజానికి కీబోర్డు వాయించేవాడు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఇంకాసేపట్లో తెర లేవాలి, మరిది జుట్టు పీక్కుంటున్నాడు. బడిలో ఒక మూల పడివున్న పాత పియానో మీద నేర్చుకున్న నాలుగు ముక్కలే తప్ప వదినకు ఇంకేమీ రాదు. అయినా "జరగండి, నేను కూర్చుంటా" అంది. అలా కూర్చున్న మనిషి ముప్పై ఏళ్ళు ఆ కుర్చీ వదల్లేదు. వేదికకు ఎడమ పక్కన, ఒకవైపు డ్రమ్ములు, ఇంకోవైపు మనిషంత ఎత్తు స్పీకరు, మధ్యలో వదిన.

కొన్నేళ్ళుగా ఆవిడకు నటులంటే చిరాకు ఎక్కువైంది. "ఈ కాలం వాళ్ళకి నోరు తెరిచి మాట్లాడ్డం చేతకాదు. సగం మాటలు మింగేస్తారు. వాళ్ళెప్పుడు ఆపారో నేనెప్పుడు మొదలుపెట్టాలో ఏం తెలుస్తుంది?" అని భర్త దగ్గర చిందులు తొక్కేది. భర్త టైలరు. సమాజానికి వేషాలన్నీ ఆయనే కుడతాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేసే అలవాటు వల్ల ఆయన దేనికీ జవాబు చెప్పడు.

చివరికి ఒక ప్రదర్శనలో కొంప మునిగింది. కథానాయకుడు చనిపోతూ గొణిగినట్టు ఒక మాట అంటాడు. ఆ మాట మీద వదిన సన్నగా రాగం ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. పాపం అతను రెండోసారి అన్నాడు. ఊహూ. మూడోసారి, ప్రాణం పోతున్న మనిషి తల పైకెత్తి, వదిన వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాడు. హాలంతా పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మరిది ఇంటికొచ్చాడు. టీ తాగుతూ కప్పులోకే చూస్తూ మాట్లాడాడు.

"ఇన్నేళ్ళు కష్టపడ్డావు వదినా. కాస్త విశ్రాంతి తీసుకో."

"నేనడిగానా నిన్ను విశ్రాంతి?"

"అది కాదు. కొత్త నాటకానికి స్టూడియోలో చేయిద్దామనుకుంటున్నా. ఇప్పుడు జనానికి నీ కీబోర్డు చప్పుళ్ళు పాతబడిపోయాయి. అంతా కంప్యూటరే."

కొత్త నాటకం మూతపడిన ఒక కర్మాగారం గురించి. అందులో ఒక సీనుంది. తాళం వేసిన గేటు ముందు ఒక తల్లి నాలుగు నిమిషాలు నిలబడుతుంది. ఒక్క మాట ఉండదు. ఆ నాలుగు నిమిషాలూ సంగీతానివే.

"ఆ గేటు సీను నాకియ్యి. కంప్యూటర్లోనే చేసుకొస్తా. నచ్చకపోతే అప్పుడు నీ దారి నీది, కుర్చీ వదిలేస్తా" అంది వదిన.

ఎలాగూ వల్లకాదు, తనే చేతులెత్తేస్తుందని మరిది సరేనన్నాడు. ఆవిడ సంగతి ముప్పై ఏళ్ళుగా చూస్తూ కూడా అలా ఎలా అనుకున్నాడో!

కూతురు తన పాత లాప్‌టాప్ ఇచ్చి, అందులో శబ్దాలు తయారుచేసే సింథసైజర్ సాఫ్ట్‌వేర్ వేసి, కీబోర్డుకు తీగ తగిలించి పోయింది. తెరిచి చూసేసరికి వదిన కళ్ళు తేలేసింది. తెర నిండా గుండ్రటి మీటలు. ఒక మీట తిప్పితే ఇంకో మూడు వాటంతటవే కదులుతున్నాయి. రకరకాల పేర్లు. విమానం నడపమన్నట్టుంది. "ఒక్క చప్పుడు రావడానికి ఇంత తతంగమా?" అని తిట్టుకుంది. లాప్‌టాప్ మూసింది. మూసిన చేత్తోనే మళ్ళీ తెరిచింది.

అందులో రెడీమేడ్ శబ్దాలు వేలకొద్దీ ఉన్నాయి, వాటిని ప్రీసెట్లంటారట. నొక్కితే చాలు, గుహలో గాలి, గాజు వాన, ఇంకా ఏవేవో. వదిన అవన్నీ వరసగా విని మొహం చిట్లించింది. "ఇవన్నీ ఎవడో కట్టి విప్పిన బట్టలు" అని పక్కన పెట్టేసి, ఏమీ లేని ఖాళీ శబ్దం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అందులో ఉన్నదల్లా ఒట్టి గుయ్‌మనే మోత. దానికి పుట్టుక, నడక, చావు అన్నీ మనమే నేర్పాలి. ఎంత నెమ్మదిగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆగాలి, ఒక్కోదానికి ఒక్కో మీట. ఆగడానికి ఒక మీట ఉందన్న సంగతి ఆవిడకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఒక మోత మొదలై ఆగనంటే ఆగనని కూర్చుంది. వదిన అన్ని మీటలూ తిప్పేస్తోంది. అవతల టైలరు గారు కత్తెర కింద పెట్టి, "నీళ్ళ మోటారు ఆపలేదటే?" అంటూ మేడెక్కి చూసొచ్చాడు.

అయినా పట్టిన పట్టు వదల్లేదు. వీడియోలు చూసింది. ఆ వీడియోల్లో మాట్లాడేవాళ్ళు కూడా మాటలు మింగుతున్నారని తిట్టింది. కింద అక్షరాలు వేసి ఉన్నవి వెతుక్కుంది. మోతను వడకట్టే ఫిల్టరు ఆవిడకు బాగా నచ్చింది. అదొక జల్లెడ. కీచు శబ్దాల్ని ఎంత వరకు పోనివ్వాలో, ఎక్కడ ఆపాలో అది చూసుకుంటుంది. జల్లెడ తెరుస్తూ పోతే మొద్దుగా ఉన్న మోతకు మెల్లగా మెరుపు వస్తుంది. వదినకు ఆ మెరుపు ఓ పట్టాన వినపడేది కాదు. ఇంకా తెరిచేది. ఇంకా, ఇంకా. అప్పుడు దూరంగా ఎక్కడో మెరిసేది. ఆ మెరుపు వినపడ్డ రోజు పొంగిపోయి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని రిహార్సల్ హాలుకు వెళ్ళింది.

మొదటి స్వరం నొక్కగానే తల్లి వేషం వేసే నటి రెండు చెవులూ మూసుకుంది. తెర లాగే మనిషి "అబ్బా!" అని వెనక్కి గెంతాడు. మరిది పరుగెత్తుకొచ్చి వాల్యూమ్ తగ్గించాడు. "వదినా, చెవులు చిల్లులు పడుతున్నాయి! సూదులు గుచ్చినట్టుంది. నీకు తెలీట్లేదా?"

వదినకు తెలియలేదు. ఆవిడకు వినపడుతున్నది సన్నటి, అందమైన మెరుపు. ఒక్కొక్కరి మొహం చూసింది. అప్పుడు అర్థమైంది, నటులెవరూ మాటలు మింగడం లేదని. సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికెళ్ళే దారంతా టైలరు గారు లాప్‌టాప్ పట్టుకుని పక్కనే నడిచాడు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి కాగితం మీద గీత చూపించాడు. కొంతదూరం తిన్నగా వచ్చి, తర్వాత మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. "బొంగురు శబ్దాలకు మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. సన్నటి శబ్దాలు పోయాయి. స్పీకర్ల పక్కన కూర్చున్న ఫలితం. తిరిగి రావు" అన్నాడు.

"రానివాటి సంగతి నేనడగలేదు. ఉన్నవి ఉంటాయా?" అంది వదిన.

చెవి మిషన్ ఇచ్చాడు. మాటలకు బాగానే పనికొచ్చింది. సంగీతం మాత్రం అందులోంచి రేకు డబ్బాలో వేసి కుదిపినట్టు వినపడింది. వాయించేటప్పుడు తీసి బల్ల మీద పెట్టేది.

డాక్టరు చెప్పిన రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. ముక్కు చీది, లాప్‌టాప్ తెరిచింది. సింథసైజర్ తెర అడుగున ఒక పటం ఉంటుంది. ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపు కీచు శబ్దాలు. ఏది మోగితే అక్కడ గీత లేస్తుంది. ఇన్నాళ్ళూ అదేదో అలంకారం అనుకుంది. ఇప్పుడు ఒక్కో స్వరం నొక్కి, ఎక్కడిదాకా తనకు వినపడుతోందో పటం మీద చూసుకుంది. వినపడడం ఆగిన చోట జల్లెడ బిగించేసింది. అక్కడి నుంచి కుడివైపంతా ఖాళీ. ఒక్క గడ్డిపోచంత గీత కూడా లేవకూడదు.

టైలరు గారు చూసి, నోట్లోంచి సూదులు తీసి మరీ అన్నాడు. "పోనీ ఆ కుడివైపు ముక్క నన్ను వినమంటావా? నాకు వినపడుతుంది కదా."

"మీకు వినపడితే మీరు చేసుకోండి. ఇది నాది."

అలా మిగిలిన సగంలోనే తవ్వుకుంటూ పోయింది. అందులో ఎంత చోటుందో ఆవిడకే ఆశ్చర్యం. రెండు మోతల్ని ఒకే స్వరం మీద పెట్టి ఒకదాన్ని వెంట్రుకవాసి తప్పిస్తే, ఆ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఊగుతాయి. ఆ ఊపు నిమ్మళించేలోపు ఇంకోటి లేపింది. వింటుంటే ఆగిపోయిన యంత్రం ఇంకా నేలలో తిరుగుతూనే ఉన్నట్టుంది. ఈసారి హాల్లో వినిపిస్తే ఎవరూ చెవులు మూసుకోలేదు. తల్లి వేషం నటి "వదినా, నాకు నిలబడ్డానికి ఇప్పుడు నేల దొరికింది" అంది.

మరిది గడ్డం గోక్కున్నాడు. "బాగుంది. కానీ పైన కాస్త మెరుపుంటే..."

"వద్దు."

"కొంచెం, పైపైన..."

"వద్దంటున్నానా?"

"సరే సరే" అన్నాడు మరిది. ఆయన రెండుసార్లు సరే అంటే అది సరే కాదని వదినకు తెలిసుండాల్సింది.

ప్రదర్శనకు ముందురోజు వేషాలతో, దీపాలతో ఆఖరి రిహార్సల్. మరిది పిలిపించిన స్టూడియో ఆయన పొద్దున్నే వచ్చి, హాలు స్పీకర్లకు కలపాలంటూ లాప్‌టాప్ కాసేపు తీసుకున్నాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. సాయంత్రం గేటు సీను మొదలైంది. వదిన మొదటి స్వరం నొక్కి, అలవాటుగా పటం వైపు చూసింది. కుడివైపు చివర, ఖాళీగా ఉండాల్సిన చోట, సన్నటి గీతలు నూగులాగా లేచి ఆడుతున్నాయి. చెయ్యి తీసింది, పడిపోయాయి. నొక్కింది, లేచాయి. చెవికి మాత్రం ఏమీ తెలియడం లేదు. మొత్తం సింథసైజర్ వెతికితే, తను పెట్టని కీచు మోతల వరస ఒకటి వెనకాల దాక్కుని ఉంది.

వదిన వాయించడం ఆపి, చెవి మిషన్ తగిలించుకుని లేచి నిలబడింది.

"ఇదెవరు పెట్టారు?"

స్టూడియో ఆయన తల దించుకున్నాడు. "మిమ్మల్ని అడగమనే చెప్పానండీ నేను."

మరిది వేదిక ముందుకొచ్చాడు. "కొంచెమే వదినా. అందరం విన్నాం, బ్రహ్మాండంగా ఉంది. అయినా నీకెలాగూ వినపడదు కదా, నీకేమిటి ఇబ్బంది?"

తల్లి వేషం అంచు మడుస్తున్న టైలరు గారి చెయ్యి ఆగిపోయింది. వదిన ఒళ్ళంతా మండిపోయింది. ముప్పై ఏళ్ళలో మరిదిని ఒక్కసారి కూడా ఒరేయ్ అనని మనిషి.

"వినపడదు కాబట్టే అడగాలిరా! వినపడితే నేనే పట్టుకునేదాన్ని, నువ్వు అడక్కపోయినా నడిచేది. వినపడదని తెలిసి పెట్టావు చూడు, అది కళ్ళు లేనివాడి జేబులో చెయ్యి పెట్టడం! నచ్చకపోతే నన్ను తీసెయ్. మొహం మీద చెప్పి తీసెయ్, పోతాను. అంతేగానీ నన్ను కుర్చీలో కూచోబెట్టి, నా చెవుల్ని అవతల పారేస్తానంటే ఊరుకునేది లేదు."

"అది కాదు వదినా, బోసిగా ఉంటుందని..."

"తీసెయ్యరా" అన్నాడు టైలరు గారు. అంతమంది ముందు ఆయన గొంతు వినడం చాలామందికి అదే మొదలు. "నేను కుట్టినదాని మీద నన్నడక్కుండా ఎవడైనా కుట్టేస్తే, నేనూ విప్పేస్తా."

వదిన ఎవరో తీసేదాకా ఆగలేదు. తనే ఆ వరసను చెరిపేసి, స్వరం నొక్కి, కుడివైపు ఖాళీ అయిందని చూసుకుని కూర్చుంది. మరిది మొహం మాడ్చుకున్నాడు. "సరే, నీ ఇష్టం. జనం లేచిపోతే మాత్రం నన్ననకు."

"లేచేవాళ్ళు లేస్తారు."

మర్నాడు హాలు నిండింది. గేటు సీను వచ్చింది. దీపాలు తగ్గాయి, తల్లి వచ్చి తాళం ముందు నిలబడింది. వదిన చెవి మిషన్ తీసి ఒళ్ళో పెట్టుకుని, మొదటి స్వరం నొక్కింది. ఆ మోత లేచి, ఊగి, కుర్చీల కింద నుంచి మెల్లగా పాకింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. సగం దాటాక మూడో వరసలో ఇద్దరు లేచి, వంగి, ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. మరిది తెర పక్కనుంచి వాళ్ళనీ వదిననీ మార్చి మార్చి చూశాడు. వదిన కూడా చూసింది. వాళ్ళు తలుపు దాటేదాకా చూసి, అడుగు స్వరాన్ని ఇంకాస్త పెంచింది.