తువ్వాలు ముడతల్లో గ్రీకు దేశం

ఉదయగిరి కొండ కింది హైస్కూల్లో సోషల్ చెప్పే పెంచలప్రసాద్ గ్రీకు పాఠానికి మ్యాపు తగిలించడు. భుజమ్మీది తువ్వాలు తీసి బల్లమీద పరిచి ముడతలు పెడతాడు. "ఇవి కొండలు. ఈ సందులో ఒక ఊరు, ఆ సందులో ఒక ఊరు. మధ్యన రాకపోకలు కష్టం గనక ఏ ఊరికి ఆ ఊరే ఒక రాజ్యం." ఇరవై ఏళ్లుగా ఇదే మాట, ఇదే మురిపెం. ఈసారి కొండ వెనక పల్లె నుంచి రోజూ ఆరు కిలోమీటర్లు నడిచొచ్చే రజిత లేచింది. "మా ఊరూ కొండెనకే ఉండాది సార్. రాజ్యం సంగతి అటుంచండి, బస్సే రాలేదు." క్లాసంతా గొల్లుమంది. ఆయనా నవ్వినాడు.

వారం తిరక్కముందే రజిత నాయన టీసీ కోసం వచ్చినాడు. పిల్లని సంగం వైపు వరినాట్లకు తీసుకుపోతాడంట. "పదో తరగతి ఒక్కటి కానియ్యవయ్యా" అని పెంచలప్రసాద్ బతిమాలినాడు. "ఆ దారిలో తాగుబోతులు ఎంటపడతా ఉండారు. నువ్వొచ్చి తోడు నడుస్తావా సార్?" ఆయన టీసీ కాగితం ముందుకు లాక్కుని, బడి మానడానికి కారణం అన్నచోట "బస్సు లేదు" అని రాసినాడు. హెడ్మాస్టర్ అది చూసి, "ఇట్ట రాస్తే పైనుంచి మనల్నే అడుగుతారు" అని కొత్త కాగితం ఇచ్చినాడు. పెంచలప్రసాద్ అందులో "తండ్రి కోరిక మీద" అని రాసి, సంతకానికి ఆ తండ్రి ముందుకే జరిపినాడు.