అమావాస్య విమానం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి (ఇందులో తప్పిన లెక్కలన్నీ నావేనని ముందే ఒప్పుకుంటున్నాను). చేతిలో కొత్త ఫోను, అందులో గంటకో ఆఫరు. తగ్గింపు అన్న మాట కనపడితే చాలు, నా వేలు నా మాట వినేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం, రెండు క్లాసుల మధ్య, గన్నవరం నుంచి బెంగళూరుకు విమానం టికెట్టు బస్సు చార్జీ కన్నా తక్కువకే ఇస్తున్నట్టు కనిపించింది. కింద ఒక గడియారం సెకన్లు తగ్గించుకుంటూ పరుగెత్తుతోంది. ఈ ధరకు ఇంకా రెండే సీట్లున్నాయని ఎర్ర అక్షరాలు. 

బెంగళూరులో మా పెద్దమ్మ ఉంటుంది, అమ్మకు ఒక్కగానొక్క అక్క. ఆమెను చూసి అమ్మకు ఎనిమిదేళ్లయింది. వెళ్దామనుకున్నప్పుడల్లా మిరప కోతలనో, నా పరీక్షలనో, నాన్నకు జ్వరమనో ఏదో ఒకటి అడ్డం పడేది. ఆ ఏడు పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫోన్లో ఆమె ఒక్కసారి వచ్చి పొమ్మని అడిగినప్పుడల్లా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. అందుకని ఎవరినీ అడక్కుండా అమ్మకూ నాకూ రెండు టికెట్లు కొనేశాను. చివరి పేజీకి వచ్చేసరికి సీటుకింత, సూట్‌కేసుకింత, డబ్బు కట్టినందుకు ఇంకో ఇంత అని కలుస్తూ పోయింది. గన్నవరం దాకా కారు అద్దె సంగతి తలపుకే రాలేదు. అయినా ఏదో గెలిచినవాడిలా స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించాను (ఆ టీ ఖర్చు కూడా టికెట్టులోనే కలుపుకోవాలి).

ఇంటికొచ్చి చెబితే అమ్మ మురిసిపోలేదు. లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండరు తిప్పింది. మూడు నెలల తర్వాతి మా ప్రయాణం పడింది మంగళవారం నాడు. పైగా అమావాస్య.

"ఆ రోజు ఎవురూ కదలరని తెలిసే చౌగ్గా ఇచ్చార్రా. అది కూడా తెలవదా నీకు?"

విమానాల వాళ్ళు పంచాంగం చూడరని వాదించాను. తేదీ మారుద్దామంటే, మార్చినందుకు అడిగింది టికెట్టు కన్నా ఎక్కువ. మానుకుంటే తిరిగొచ్చేది ఏమీ లేదు. నాకు అన్నం సయించలేదు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చివరికి దారి అమ్మే చూపించింది. ప్రస్థానం పెడదామంది. అంటే, బయల్దేరాల్సిన రోజు మంచిది కానప్పుడు, అంతకు ముందే ఒక మంచి వేళ చూసి సామాను గడప దాటించి వేరేవాళ్ళ ఇంట్లో ఉంచుతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ సామాను మళ్ళీ ఇంట్లోకి తేకూడదు, అటునుంచి అటే తీసుకుపోవాలి.

అలా ఆదివారం పొద్దున మా సూట్‌కేసు ఎదురింటి లారీ మెకానిక్ మామ ఇంటికి చేరింది (వాళ్ళు సాయిబులు, అయినా నేను పుట్టకముందు నుంచీ ఆయన అమ్మకు అన్నయ్యే). మంగళవారం మధ్యాహ్నం రెండింటికి తీసుకుంటామని చెప్పాను. మర్చిపోతానన్న భయంతో ఇద్దరి ఆధార్ కార్డులూ అందులోనే పెట్టాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను కూడా. సోమవారం ఫోనుకు కబురొచ్చింది, విమానం సాయంత్రం కాదు, పొద్దున పదకొండుకే పోతుందని. నాన్నకు చెప్పాను, కారు డ్రైవరుకు చెప్పాను, ప్రిన్సిపాలుకు చెప్పాను. మెకానిక్ మామకు మాత్రం చెప్పలేదు.

మంగళవారం ఆరింటికి కారొచ్చి నిలబడింది. ఎదురింటికి తాళం. ఫోను చేస్తే మామ మాచర్లలో, చెల్లెలి కూతురి పెళ్ళిలో ఉన్నాడు. మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకున్నాడు పాపం (అమావాస్య కావడంతో కల్యాణ మండపం సగం ధరకే దొరికిందట. అది విని అమ్మ నావైపు ఒక చూపు చూసింది). ఇప్పుడే బయల్దేరుతున్నానని ఆయన ఫోను పెట్టేశాడు. నేను తాళం పగలగొడదామన్నాను.

"శుభకార్యానికి పోయినోళ్ళ తాళం ఇరగ్గొడతావేందిరా. కూర్చో."

నేను కూర్చోలేదు. వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో గుర్తు లేదు. ఏడైంది, ఎనిమిదైంది. అమ్మ కొత్త చీర కట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఆ తాళం వంకే చూస్తోంది. ఎనిమిదిన్నరకు మామ పెళ్ళి బట్టల్లోనే బైకు దిగాడు. నిఖా కూడా చూడకుండా వచ్చాడు. తప్పు నాదైతే ఆయనే మన్నించమంటుంటే నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇక ఏ కారూ మమ్మల్ని వేళకు గన్నవరం చేర్చగలిగేది కాదు. ఈసారి కూడా ఆగిపోయినట్టే అనుకుని, అమ్మ ముఖం చూడలేక తల తిప్పుకున్నాను. సూట్‌కేసు పట్టుకుని మా గుమ్మం వైపు నడవబోయాను.

"దాన్ని లోపలికి తేవొద్దు," అంది అమ్మ. "బయల్దేరాం, బయల్దేరినట్టే. అన్నయ్యా, బెంగళూరికి రైలేమన్నా ఉందా?"

ఉంది. సాయంత్రం, మా ఊరి స్టేషన్ మీదుగానే, ఎన్నో ఏళ్ళుగా ఉంది. కారు అద్దెలో సగం పెడితే ఇద్దరం వెళ్ళి రావచ్చు. రిజర్వేషన్ లేదు కనుక మామ జనరల్ పెట్టె కిటికీలోంచి తువ్వాలు వేసి అమ్మకు సీటు పట్టాడు. తెల్లారి బెంగళూరులో దిగేసరికి పెద్దమ్మ చేతికర్రతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. ఆటో ఎక్కాక అమ్మ నావైపు తిరిగింది.

"నువ్వా పనికిమాలిన టికెట్టు కొనకపోతే, ఈ జన్మకి కదిలేదాన్ని కాదురా."

ఇప్పుడు నేను ఏ ఆఫరుకూ మోసపోను. తగ్గింపు కనపడితే చివరి పేజీ దాకా వెళ్ళి, సీటు, సామాను, కారు అన్నీ కలిపి చూసి, మిగిలేదేమీ లేదని తేల్చుకుని ఫోను పక్కన పెడతాను. చాలాసార్లు నా లెక్కే నిజమవుతుంది. మా అక్క పుణేలో ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది, నేనింకా వెళ్ళి చూడనే లేదు. తను ఫోను చేసి పిలిచినప్పుడల్లా మంచి రేటు రానీ అంటాను. అన్నాక నన్ను చూసుకుని నాకే నవ్వొస్తుంది. ఆ రోజు వీధిలో కాలుగాలిన పిల్లిలా తిరిగిన కుర్రాడు ఎంత తెలివితక్కువవాడైనా, వాళ్ళమ్మను వాళ్ళ పెద్దమ్మ దగ్గరికి చేర్చాడు.